ఇంకా పుట్టిల్లు వదలని చుక్కలు

అందరికీ నమస్కారం. అమీర్‌పేట సెంటర్లో నిలబడి ఎవరినైనా “మీదే ఊరండీ?” అంటే ఒకరు శ్రీకాకుళం అంటారు, ఒకరు ఆదిలాబాద్ అంటారు. మనిషిని చూసి పుట్టినచోటు చెప్పలేం. అదే నీలోఫర్ ఆసుపత్రి గేటు దగ్గర పొత్తిళ్ళలో బిడ్డ కనిపిస్తే? అడగక్కర్లేదు.

మన గెలాక్సీ పాలపుంతలో, కేంద్రం చుట్టూ చుట్టలుగా సాగే చుక్కల పాయలను సర్పిల బాహువులంటారు. వాటిని గుర్తించే పద్ధతీ ఇదే. మన సూర్యుడికి దాదాపు 460 కోట్ల ఏళ్ళు. గెలాక్సీ కేంద్రాన్ని ఒకసారి చుట్టిరావడానికి 23 కోట్ల ఏళ్ళు పడుతుంది. ఇప్పటికి ఇరవై చుట్లు తిరిగాడు, ఏ బాహువులో పుట్టాడో ఎవరు చెప్పగలరు? ఓ, బీ రకం నీలి చుక్కలు అలా కాదు. మహా బరువైనవి, ఇంధనం దుబారాగా తగలేస్తాయి. వాటిలో బాగా బరువైనవి కోటి ఏళ్ళు కూడా బతకవు. పుట్టిన మబ్బు నుంచి సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో జరిగినా, కోటి ఏళ్ళలో వెళ్ళేది 330 కాంతి సంవత్సరాలే. బాహువు వెడల్పు ముందు అదెంత! పుట్టింట్లోనే కన్నుమూస్తాయి.

గొల్లకావడి చూశారు కదా, ఓరియన్ నడుము దగ్గర వరసగా ఉండే మూడు చుక్కలు? మా అమ్మమ్మ దాన్ని చూసే రాత్రి ఎంతయిందో చెప్పేది. ఆ మూడూ ఈ జాతివే. వాటి కింద మసగ్గా కనిపించే నెబ్యులాలో, అంటే వాయువు, ధూళి మబ్బులో, సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరాన, ఇప్పటికీ చుక్కలు పుడుతున్నాయి.

1951లో అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త విలియం మోర్గన్, తన విద్యార్థులు షార్ప్‌లెస్, ఆస్టర్‌బ్రాక్‌లతో కలిసి ఈ నీలి చుక్కల దూరాలు కట్టాడు. వర్ణపటాన్ని, అంటే వెలుగును విడదీస్తే వచ్చే రంగుల పట్టీని బట్టి అసలు కాంతి ఎంతో తేల్చి, ధూళి మింగినంత లెక్కగట్టి, పటం మీద చుక్కలు పెడితే రెండు బాహువుల ముక్కలు బయటపడ్డాయి. ఈ సంగతి చెప్పినప్పుడు అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జరిగిన ఖగోళ శాస్త్రవేత్తల సభలో జనం లేచి నిలబడ్డారు. శాస్త్రవేత్తలు లేచి నిలబడటం మామూలుగా కాఫీ కోసమే.

మన బేగంపేటకీ ఈ కథలో వాటా ఉంది. 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీ వాళ్ళు ఫొటో పలకల మీద లక్షల చుక్కల స్థానాలు ఓపిగ్గా కొలిచారు. దూరాలు మాత్రం వాటిలో లేవు. అయినా ఆ పాత స్థానాలను కొత్తవాటితో పోల్చి, చుక్కల కదలికలు లెక్కించి, 2000లో ఖగోళ శాస్త్రవేత్తలు టైకో-2 అనే చుక్కల జాబితా తయారు చేశారు. 2013లో ఎగిరిన గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా చుక్కల దూరాలు కొలిచింది. ధూళి గోడ దాటాలంటే రేడియోయే దిక్కు. పసి చుక్కల పక్కనుండే మేజర్లు, అంటే లేజర్‌లాగే రేడియో తరంగాలను బలంగా వెదజల్లే వాయు మబ్బులు, పంపే సంకేతాలతో 2017లో 66,000 కాంతి సంవత్సరాల దూరం కొలిచారు, గెలాక్సీ అవతలి ఒడ్డు అది.

ఇంతకీ బాహువులు ఎన్ని? ముసలి ఎర్ర చుక్కలు రెండంటాయి, పసివి నాలుగంటాయి. నా లెక్కలో రెండూ అబద్ధం కాదు. బలహీనమైన బాహువులో కూడా వాయువు నొక్కుకుపోయి చుక్కలు పుట్టొచ్చు, పాత చుక్కలు మాత్రం అక్కడ గుమిగూడకపోవచ్చు.

మేడ మీద టెలిస్కోపు సిద్ధంగా ఉంది, మబ్బు లేదు. గొల్లకావడి చూపిస్తాను. పాలపుంత అడక్కండి, ఈ దీపాల్లో కనిపించదు. దానికి వికారాబాద్ దాటాలి.