సెమీ క్రిస్మస్ అన్నాం, ఫ్లెక్సీ కాడే ఆగిపోయాం

మరిది: ఆఁ, ఎర్ర లైటు వెలిగింది వదినా, మాటాడు.

వదిన: అందరికీ వందనాలు. పోయినసారి వెనకాల కోడి కూత వినబడిందని మెసేజీలు పెట్టిన వాళ్ళందరికీ చెప్తున్నాను, ఆ కోడి ఇప్పుడు లేదు.

మరిది: ఆదివారం అయిపోయింది.

వదిన: ఈరోజు టాపిక్కు సెమీ క్రిస్మస్, అదే పండక్కి ముందే చేసుకునేది, ఇంటింటికీ పాడుకుంటూ తిరిగే క్యారల్ రౌండ్స్. ఎన్నిళ్ళు తిరగాలి, ఎవరింట్లో టీ, ఎవరింట్లో కేకు, డోలక్కు ఎవరు మోస్తారు...

మరిది: నాను మొయ్యను, ముందే చెప్పేస్తన్నాను.

వదిన: నిన్నెవరూ అడగలేదులే. కొబ్బరితోట సంగతి మాకు గుర్తుంది.

మరిది: అది కట్ చేసెయ్ ఎడిటింగ్‌లో. రౌండ్స్ గురించి ఏటుంది వదినా, తొమ్మిదికి అంటారు, పదకొండుకి బయల్దేరతారు, తెల్లవారుజామున చివరింటోళ్ళు తలుపు తియ్యరు. అయిపోయింది. నాకు ఫ్లెక్సీ గురించి చెప్పాలనుంది.

వదిన: అబ్బా, మళ్ళీ ఫాంటా.

మరిది: ఫాంటు కాదు. నిన్న మా ఫ్లెక్సీ షాపుకి ఆర్డరొచ్చింది, పదడుగులు బై ఆరడుగులు, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కడతారంట. మేటర్ వాట్సాప్‌లో పంపారు. మెయిన్ స్పీకర్ పేరు ముందు విను... దైవజనులు, అపొస్తలులు, బిషప్, రెవరెండ్, డాక్టర్. ఐదు! ఆయన పేరు మూడక్షరాలు. పేరు పెద్దది చేస్తే బిరుదులు పట్టవు, బిరుదులు పట్టిస్తే పేరు చీమంతయిపోద్ది. అదే తెలుగు అక్షరాలకి వాడే అనూ ఫాంట్స్‌లో అయితే కొంచెం నొక్కి...

వదిన: చూసారా, ఫాంటే.

మరిది: ఆగు, అసలు సంగతి వినలేదు నువ్వు. యేసయ్య బొమ్మ ఎక్కడ పెట్టమంటారండీ అంటే మూలకి పెట్టమన్నారు. మూలకి!

వదిన: ఓలమ్మ. పుట్టినరోజు ఎవరిదంట మరి?

మరిది: అదే నాను కూడా మనసులో అనుకున్నాను. అడ్వాన్సు తీసుకున్నాక పైకి అంటామేటి.

వదిన: మత్తయి 23 వాళ్ళ బైబిల్లో చింపేసుంటది. బోధకుడని పిలిపించుకోవద్దు, భూమ్మీద ఎవర్నీ తండ్రి అనొద్దు, మీరందరూ సహోదరులు అని ప్రభువు అంత తేటగా చెప్పాడు కదా. అసలు రెవరెండ్ అంటే ఏటో తెలుసా, లాటిన్ మాట, పూజించదగినవాడు అని. 111వ కీర్తనలో దేవుడి నామానికి వాడింది ఆ మాటే, ఇంగ్లీషు పాత బైబిల్లో చూస్కో.

మరిది: అలాగంటే ఆర్సీఎం వాళ్ళు, అదే రోమన్ కేథలిక్కులు, ఫాదర్ అంటారు, వాళ్ళందరిదీ తప్పేనా? పౌలు గారు కూడా కొరింథు వాళ్ళకి మీకు తండ్రిని నేనే అన్నట్టు రాసారు కదా. పిలుపు వేరు, గొప్ప వేరు.

వదిన: గొప్పే నేనంటున్నది. బక్త్ సింగ్ గారు చూడు, దేశమంతా సంఘాలు కట్టారు, 2000లో పోయేదాకా బ్రదర్ బక్త్ సింగే. ఎవరన్నా తక్కువగా చూసారా? ఇంకా వెనక్కెళ్తే, 6వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్, అంటే అక్కడి పెద్ద బిషప్, ఎక్యుమెనికల్ పాట్రియార్క్, లోకమంతటికీ పాట్రియార్క్ అని పెద్ద పేరు పెట్టుకుంటే, రోములో పోప్ గ్రెగరీ గారు ఒప్పుకోలేదు, ఇది గర్వం అన్నారు, తన పేరు కింద మాత్రం దేవుని దాసుల దాసుడు అని రాసుకునేవారు.

మరిది: ఇప్పుడు అది కూడా పోపుల బిరుదైపోయింది కదేటి. రేపు మనోళ్ళకి తెలిస్తే దాసుల దాసులు అని నాకింకో లైను పెరుగుద్ది.

వదిన: (నవ్వు) చదరపు అడుక్కి డబ్బులొస్తాయి, నీకేటి బాధ.

మరిది: పోప్ ఫ్రాన్సిస్ మాత్రం మంచి పని చేసారు. 2014లో అనుకుంటా, మామూలు డయాసిస్ ఫాదర్లకి మాన్సిన్యోర్ అనే బిరుదు 65 ఏళ్ళు నిండితేనే అన్నారు.

వదిన: పింఛనీలాగ.

మరిది: ఆ, అలాగే పెట్టాలి మనకి కూడా. డాక్టర్ ముందు పెట్టాలి. ఏ యూనివర్సిటీ అండీ అంటే చెప్పరు, గౌను వేసుకున్న ఫొటో పంపుతారు, అందులో టోపీ తాడు కంట్లో పడుతుంటది, అది నేనే ఎరేజ్ చెయ్యాలి.

వదిన: అందుకే మన పెద్దోళ్ళు అయ్యగారు అన్నారు, సరిపోయింది. అయ్యగారు, అమ్మగారు. ఎవరికి వారు పెట్టుకున్నది కాదు, జనం నోట వచ్చింది.

మరిది: అది ఒప్పుకోను వదినా.

వదిన: ఏటి ఒప్పుకోవు?

మరిది: జనం నోట అంటన్నావు. ఏ జనం? పేటలో జనం. పేట దాటితే మా తాతని ఒరే అనేవోళ్ళు. పేరు కూడా సగమే పిలిచేవోళ్ళు, ముసిలోడైపోయినా సరే. మిషన్ కాంపౌండులో తెల్లాయన దొరగారు, ఆయన భార్య దొరసానమ్మ, మనోడు ఎండలో ఊరూరూ తిరిగి బోధిస్తే ఉపదేశి. అలాంటింట్లోంచి ఒకడు చదువుకుని పేరు ముందు రెవరెండ్ అని వేసుకుని జంక్షన్‌లో ఫ్లెక్సీ కడితే, ఎవడైతే ఒరే అన్నాడో వాడి మనవడు కూడా బస్సు కోసం నిలబడి అది చదవాలి కదా. చదవనీ.

వదిన: ...

మరిది: 1912లో అజరయ్య గారు దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్, అదే ఇంగ్లండు చర్చి వాళ్ళలో మొదటి ఇండియన్ బిషప్. అది ఒట్టి బిరుదే అంటావా? 2022లో పూల అంతోని గారు కార్డినల్ అయితే, తెలుగోళ్ళలో మొదటాయన, దళితుల్లో మొదటాయన, ఆ రోజు మా షాపులో ఆర్సీఎం వాళ్ళ ఫ్లెక్సీ డబ్బులు తీసుకోకుండా కొట్టాను నాను. మేం బాప్టిస్టులం అయినా.

వదిన: అది వేరు. అది ఇచ్చింది. మూలకి పెట్టమన్నాయన తీసుకుంటున్నాడు.

మరిది: ఎవరిచ్చారు, ఎవరు తీసుకున్నారు అని కొలిచేది ఎవరు మరి? కమిటీయా?

వదిన: కమిటీ మాట ఎత్తకు.

మరిది: ...సారీ వదినా.

వదిన: పర్లేదులే. వినేవాళ్ళలో సగం మందికి తెలుసు. నాన్న 40 ఏళ్ళు ఉపదేశే. సైకిలు మీద నాలుగూళ్ళు. ఆర్డినేషన్, అదే పాస్టరుగా అభిషేకం, ఈ సంవత్సరం, వచ్చే సంవత్సరం అన్నారు కమిటీవాళ్ళు, ఇవ్వలేదు. పోయాక అన్నయ్య సమాధి రాయి మీద రెవ అని వేయిద్దామన్నాడు, ఒక పెద్దమనిషి వచ్చి ఆర్డినేషన్ లేకుండా ఎలాగ వేస్తారు అన్నాడు, రాయి చెక్కేవాడు ఉలి పట్టుకుని అక్కడే కూచున్నాడు. నేనేమో, నాన్నకి అలాంటివి పడవు, వద్దు అన్నాను. అన్నయ్య నాతో రెండేళ్ళు మాటాడలేదు.

మరిది: నువ్వు నాకు చెప్పిన ఇంగ్లండు కథ ఇలాంటిదే కదా.

వదిన: ఆ, ఓస్టన్ ఫెర్రీ అని ఊరు. మెథడిస్ట్ పాస్టర్‌కి కూతురు చచ్చిపోయింది. రాయి మీద ఫలానా రెవరెండ్ గారి కూతురు అని రాయిస్తామంటే అక్కడి వికార్, అంటే ఇంగ్లండు చర్చి అయ్యగారు, కుదరదన్నాడు, మీవాళ్ళు రెవరెండ్‌లు కాదు అని. కోర్టులు తిరిగి తిరిగి 1876లో ప్రివీ కౌన్సిల్ అనే పెద్ద కోర్టు దాకా ఎళ్ళింది. వాళ్ళు అసలది చట్టపరమైన బిరుదే కాదు, మర్యాద మాట, రాయించుకోనీండి అన్నారు. ఆ తండ్రి పిల్ల పోయిన దుఃఖంలో ఉండి ఒక్క మాట కోసం అంత దూరం ఎందుకెళ్ళాడా అని నవ్వుకున్నాను చదివినప్పుడు. తర్వాత నవ్వు రాలేదు.

మరిది: మావయ్య గారి రాయి మీద ఇప్పుడేటుంది?

వదిన: పేరే. అన్నయ్య ముందు ఖాళీ ఒదిలించాడు. అలాగే ఉంది.

మరిది: ఎంతుంటది ఖాళీ?

వదిన: రెండంగుళాలు.

మరిది: పడతాది వదినా. అయ్యగారు అని కూడా పడతాది, అనూలో కొంచెం నొక్కితే...

వదిన: ఆపవయ్యా బాబూ.

మరిది: కాదు నిజంగానే, నాను స్టెన్సిల్ కొట్టిస్తాను, మీ అన్నయ్యకి నేను చెప్తాను...

వదిన: గేసు బండి హారనా అది?

మరిది: మనదే. బుక్కు ఎక్కడెట్టావు?

వదిన: ఫ్రిజ్జు మీద. ఎర్ర లైటు ఆపు ముందు, ఆపు...