తుఫానుకు ముందు రోజు ప్రభుత్వం ఏం చేసింది?

[స్క్రీన్ మీద రెండు అంకెలు: 9,885. పక్కన: 50 లోపు.]

మొదటిది 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన సూపర్ సైక్లోన్ మృతుల సంఖ్య, అదీ ప్రభుత్వ లెక్క ప్రకారం. రెండోది 2013 అక్టోబరులో అదే ఒడిశాలో, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానుది. ఫైలిన్ 1999 నాటి తుఫానంత తీవ్రమైంది కాదు. అయినా గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటింది. అలాంటి గాలిలో ఇంతమంది ఎలా బతికారు?

సహాయం బాగా అందింది కాబట్టి అనుకుంటాం. అసలు పని అంతకు ముందే జరిగిపోయింది. తుఫాను రాకముందే దాదాపు పది లక్షల మందిని లోతట్టు ప్రాంతాల నుంచి తరలించారు.

[మ్యాప్: కృష్ణా డెల్టా]

మన దగ్గరికి వద్దాం. 1977 నవంబరు 19, దివిసీమ. ఉప్పెన ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. పది వేల మందికి పైగా పోయారు. తుఫాను వస్తుందని రేడియో చెప్పింది. కానీ రేడియో లేని గుడిసెలు ఎన్నో! విన్నవాళ్లకైనా ఎక్కడికి వెళ్లాలో తెలియదు. ఆ దెబ్బ తర్వాతే మన తీరంలో తుఫాను షెల్టర్లు పెద్దఎత్తున లేచాయి. 1990 మేలో మరో భారీ తుఫాను ఇదే తీరాన్ని తాకితే 967 మంది చనిపోయారు. అదీ చిన్న సంఖ్య కాదు. కానీ ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. తేడా అక్కడుంది.

1999లో ఒడిశా తీరంలో రెడ్‌క్రాస్ కట్టిన షెల్టర్లు 23 మాత్రమే. ఇప్పుడు అందరూ కట్టినవీ కలిపి 800కు పైగా ఉన్నాయి. అయితే కట్టేస్తే సరిపోదు. తాళం చెవి ఎవరి దగ్గరుంది, మంచం పట్టిన ముసలావిడను ఎవరు మోసుకెళ్తారు, ఇంట్లో గేదెను వదిలి రానని మొండికేసే రైతుకు ఎవరు నచ్చజెబుతారు? ఇవన్నీ ఊరి స్థాయిలో ముందే తేలిపోవాలి. నా దృష్టిలో ప్రభుత్వ సామర్థ్యానికి కొలత ఇదే, హెలికాప్టర్‌లో విహంగ వీక్షణం కాదు.

ఈ పాఠాన్ని బంగ్లాదేశ్ మనకంటే లోతుగా నేర్చుకుంది. 1970 భోలా తుఫానులో కనీసం మూడు లక్షల మంది పోయారు. నాటి పాకిస్తాన్ ప్రభుత్వం నింపాదిగా కదలడం మీద తూర్పు బెంగాల్ జనం కోపం ఆ డిసెంబరు ఎన్నికల్లో కనిపించింది. ఆ తర్వాత అక్కడ రెడ్‌క్రాస్‌తో కలిసి గ్రామ వాలంటీర్ల దళాన్ని నిర్మించారు. అయినా 1991లో మళ్లీ లక్షా ముప్పై వేలకు పైగా మరణాలు, అందులో ఆడవాళ్లే ఎక్కువ. పరాయి మగవాళ్ల మధ్య, విడిగా గది లేని షెల్టర్‌కు వెళ్లడానికి చాలామంది జంకారు. ఇప్పుడు షెల్టర్లలో వాళ్లకు వేరే చోటుంది. వాలంటీర్లలో సగం మంది ఆడవాళ్లే. ఇంటి గడప దాకా వెళ్లి పిలవగలిగేది వాళ్లే కదా.

[పక్కపక్కనే రెండు తేదీలు: 2013 జూన్, 2013 అక్టోబరు]

మరి ఇప్పుడంతా బాగున్నట్టేనా? ఫైలిన్‌కు నాలుగు నెలల ముందు, కేదార్‌నాథ్ వరదల్లో చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు వేలల్లో ఉన్నారు. అదే దేశం, అదే 2005 విపత్తు నిర్వహణ చట్టం. ఉత్తరాఖండ్‌లో విపత్తు నిర్వహణ సంస్థ 2007 నుంచి కాగితం మీద ఉంది. అది ఒక్క విధానమూ రూపొందించలేదని, కార్యనిర్వాహక సంఘం ఒక్కసారీ సమావేశం కాలేదని ప్రభుత్వ పద్దులను తనిఖీ చేసే కాగ్ నివేదిక ఆ విపత్తుకు రెండు నెలల ముందే చెప్పింది. కాబట్టి దీన్ని పాత కాలం, కొత్త కాలం అని చూడకండి. సిద్ధమైన ప్రభుత్వం, సిద్ధం కాని ప్రభుత్వం అని చూడండి.

ప్రాణాలు కాపాడటం నేర్చుకున్న చోట కూడా ఒక పని మిగిలే ఉంది. తుఫాను వెళ్లిపోయాక పునరావాస కేంద్రం నుంచి కౌలు రైతు చేనుకు వస్తాడు. పంట మునిగింది, పెట్టుబడి అతనిది. నష్టపరిహారం మాత్రం చాలాచోట్ల పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలోకే వెళ్తుంది. సాగు హక్కు పత్రం కోసం ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన చట్టం కూడా భూ యజమాని సంతకం అడిగింది. ఆ సంతకం పెట్టడానికి చాలామంది యజమానులు ఒప్పుకోరు.