హెచ్ఎల్ఏ యాంటీబాడీ పరీక్షకు తూనికరాయి: కైమెరిక్ యాంటీబాడీలు

[తెరపై: ఒకే రక్త నమూనాకు రెండు ప్రయోగశాలలు ఇచ్చిన వేర్వేరు అంకెలు]

వ్యాఖ్యానం: మూత్రపిండ మార్పిడికి ఎదురుచూస్తున్న రోగి రక్తంలో, దాత కణాలపై ఉండే హెచ్ఎల్ఏ ప్రోటీన్లకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ముందే ఉండవచ్చు. గర్భధారణ, రక్తమార్పిడి, అంతకుముందు జరిగిన అవయవ మార్పిడి ఇందుకు ముఖ్య కారణాలు. 1969లో పటేల్, టెరసాకి ప్రచురించిన ఫలితాల్లో, దాత కణాలపై దాడిచేసే యాంటీబాడీలున్న 30 మందిలో 24 మందికి కొత్త మూత్రపిండం వెంటనే విఫలమైంది. అవి లేని 195 మందిలో అలా జరిగింది 8 మందికే.

[తెరపై: రంగుపూసలు, వాటికి అతుక్కుంటున్న యాంటీబాడీలు]

నేటి పరీక్షలో ఒక్కో రకం పూసపై ఒక్కో హెచ్ఎల్ఏ ప్రోటీన్ ఉంటుంది. రోగి సీరంలోని యాంటీబాడీ దానికి అతుక్కుంటే, మానవ ఐజీజీని (రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకం) గుర్తించే మెరుపు రసాయనం వెలుగుతుంది. ఆ వెలుగు తీవ్రతను ఎంఎఫ్ఐ అంటారు. అది వెలుగు కొలతే గాని యాంటీబాడీ పరిమాణం కాదు. పూసలపై ప్రోటీన్ సాంద్రత ఒకేలా ఉండదు. యాంటీబాడీలు మరీ ఎక్కువైతే కాంప్లిమెంట్ ప్రోటీన్లు (యాంటీబాడీ పిలుపుతో కణంపై దాడిచేసే రక్త ప్రోటీన్లు) అడ్డుపడి అంకె తప్పుగా తగ్గిపోవచ్చు కూడా. సరిచూసుకోవడానికి వాడే మిశ్రమ సీరం యాంటీబాడీలున్న పలువురి రక్తం నుంచి సేకరించినది కనుక, అందులో ఏది ఎంత ఉందో కచ్చితంగా తెలియదు, అయిపోతే అదే మళ్లీ దొరకదు.

1978 నుంచి తెలిసిన డబ్ల్యూ6/32 అనే ఎలుక యాంటీబాడీ దాదాపు అన్ని క్లాస్-1 (హెచ్ఎల్ఏల రెండు ప్రధాన తరగతుల్లో మొదటిది) హెచ్ఎల్ఏలకూ అతుక్కుంటుంది. అయితే దాని తోకభాగం ఎలుకది కావడంతో మెరుపు రసాయనం దాన్ని పట్టించుకోదు.

[తెరపై: ఎలుక యాంటీబాడీ తోక స్థానంలో మానవ తోక]

అందుకే ఎలుక యాంటీబాడీలో హెచ్ఎల్ఏను పట్టుకునే కొనల జన్యువును మానవ ఐజీజీ తోక జన్యువుతో జతచేసి, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఉత్పత్తి చేస్తారు. ఇలా రెండు జీవుల భాగాలు కలిసినదే కైమెరిక్ యాంటీబాడీ. జన్యుక్రమం చేతిలో ఉంటుంది కాబట్టి అదే యాంటీబాడీని ఎప్పుడైనా తయారుచేసి, మైక్రోగ్రాముల్లో కొలిచి, ప్రతి ప్రయోగశాలకూ పంపవచ్చు. నా దృష్టిలో అసలు లాభం మరోచోట ఉంది: అవే కొనలకు మానవ ఐజీజీ ఉపరకాలైన ఐజీజీ1 నుంచి ఐజీజీ4 వరకు నాలుగు తోకలనూ తగిలిస్తే, రసాయనం నాలుగింటినీ సమానంగా చూస్తోందో లేదో తేలుతుంది. కాంప్లిమెంట్‌ను బలంగా పిలిచే ఐజీజీ3, దాదాపు పిలవని ఐజీజీ4 ఉంటే యాంటీబాడీ కాంప్లిమెంట్‌ను పిలుస్తుందో లేదో చూసే సీ1క్యూ పరీక్షనూ సరిచూడవచ్చు.

అయితే రోగి సీరంలో అతుక్కునే బలం వేర్వేరుగా ఉన్న అనేక యాంటీబాడీలు కలిసి ఉంటాయి. ఈ ఒక్క యాంటీబాడీ ఎంత ఉంటే ఎంత వెలుగో చూపుతూ గీసిన కొలత రేఖ ఆ మిశ్రమానికి అచ్చంగా సరిపోదు. క్లాస్-2 హెచ్ఎల్ఏలకైతే వేరే యాంటీబాడీలనే ఇలా మలచుకోవాలి.