55 వేల డాలర్ల బెదిరింపు: అమెరికాలో రియల్టర్ లేకుండా ఇల్లు అమ్మితే నిజంగా నష్టమా?

అందరికీ నమస్కారం. ఇల్లు అమ్ముదామనుకుంటున్నామని ఒక రియల్టర్ (ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంట్) దగ్గర అని చూడండి. కాసేపట్లోనే ఈ లెక్క మీ ముందుకొస్తుంది: ఓనర్లు సొంతంగా అమ్మిన ఇల్లు 3 లక్షల 80 వేల డాలర్లు, ఏజెంట్ అమ్మిన ఇల్లు 4 లక్షల 35 వేలు. "నాకిచ్చే 3 శాతం మిగుల్చుకోబోయి 55 వేలు పోగొట్టుకుంటారా?" అంటారు. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 2024 రిపోర్టులోని మీడియన్ ధరలవి, అంటే సగం ఇళ్ళు అంతకంటే ఎక్కువకీ, సగం తక్కువకీ అమ్ముడైన మధ్య ధరలు. అంకెలు అబద్ధం కాదండీ. వాటిని చూపించి మిమ్మల్ని భయపెట్టడమే అన్యాయం!

ఏ ఇంటిని ఏ ఇంటితో పోల్చారు? సొంతంగా అమ్మినవాటిలో పల్లెల్లోని ఇళ్ళుంటాయి, మొబైల్ హోమ్స్ ఉంటాయి, చుట్టాలకో తెలిసినవాళ్ళకో ఇచ్చేసినవి ఉంటాయి. టెక్సస్ ఫ్రిస్కోలో మీ నాలుగు బెడ్‌రూముల ఇంటికీ వాటికీ ఏం సంబంధం? ఒకేలాంటి ఇళ్ళను పోల్చి చూసినవాళ్ళు లేకపోలేదు. విస్కాన్సిన్‌లోని మాడిసన్ ఊరి అమ్మకాల మీద ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన 2009లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయింది. ఇళ్ళ తేడాలన్నీ సర్ది చూస్తే, ఎంఎల్ఎస్‌లో (అమ్మకానికున్న ఇళ్ళను ఏజెంట్లు పెట్టే ఉమ్మడి జాబితా) ఏజెంట్ ద్వారా అమ్మినందుకు ధరేమీ పెరగలేదు. త్వరగా అమ్ముడుపోయాయి, అంతే. ఆ తొందర కోసం 5 లక్షల ఇంటి మీద 15 వేలు ఇవ్వాలా?

అసలు జబ్బు ఆ శాతంలోనే ఉందని నా వాదన. ఇంకో రెండు వారాలు ఆగితే 10 వేలు ఎక్కువొస్తాయనుకోండి. మీకు 9,700 మిగులుతుంది. ఏజెంట్‌కి 300. అందులోనూ ఆయన పనిచేసే బ్రోకరేజీ కంపెనీ వాటా పోతుంది. ఆ మిగిలిన కాస్త కోసం ఇంకో రెండు వీకెండ్లు ఓపెన్ హౌస్ పెట్టి, వచ్చినవాళ్ళందరికీ ఇల్లు చూపిస్తూ ఎవరు నిలబడతారు? షికాగో ప్రాంతం అమ్మకాలతో 2008లో వచ్చిన ఆర్థికవేత్తలు లెవిట్, సైవర్‌సన్‌ల పరిశోధన చూడండి. ఏజెంట్లు తమ సొంత ఇళ్ళను సుమారు 3.7 శాతం ఎక్కువ ధరకి అమ్ముకున్నారు, మార్కెట్లో 9.5 రోజులు ఎక్కువ ఉంచారు. వాళ్ళ ఇంటికైతే ఓపిక, మన ఇంటికైతే "ఈ ఆఫర్ వదులుకోకండి సార్"!

సరే, పని ఎలా చేయాలి? అన్నిటికంటే ముందు ధర. పక్కింటాయన ఎంతకి లిస్ట్ చేశాడన్నది పనికిరాదు, చుట్టుపక్కల ఇళ్ళు గత ఆరు నెలల్లో ఎంతకి క్లోజ్ అయ్యాయో, అంటే చివరికి ఎంతకి చేతులు మారాయో కావాలి. చాలా రాష్ట్రాల్లో కౌంటీ రికార్డుల్లో దొరుకుతుంది. టెక్సస్‌లో దొరకదు, అక్కడ అమ్మిన ధర బయటపెట్టాలన్న నియమం లేదు. వెబ్‌సైట్ల అంచనాలు అక్కడ తప్పేది కూడా అందుకే. కొన్ని వందల డాలర్లిచ్చి లైసెన్స్ ఉన్న అప్రైజర్‌తో విలువ కట్టించండి. ఇల్లు కొలిచిన స్కెచ్ కూడా వస్తుంది, చదరపు అడుగుల మీద తర్వాత గొడవ రాదు.

తర్వాత ఫ్లాట్ ఫీ లిస్టింగ్. శాతం లేకుండా కొన్ని వందలకే ఎంఎల్ఎస్‌లో పెట్టే బ్రోకర్లున్నారు. సంతకం పెట్టే ముందు రెండే చూడండి: మధ్యలో మానుకుంటే ఎంత కట్టాలి, క్లోజింగ్ రోజున మళ్ళీ శాతం ఏమైనా అడుగుతారా. చిన్న అక్షరాల్లో దాచేది ఈ రెండోదే.

ఏజెంట్ల కమిషన్ల మీద ఇళ్ళు అమ్మినవాళ్ళు కోర్టుకెళ్ళారు, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ సెటిల్‌మెంట్ చేసుకుంది. 2024 ఆగస్టు 17 నుంచి కొనేవాళ్ళ ఏజెంట్‌కి ఎంతిస్తారో ఎంఎల్ఎస్‌లో రాయడానికి లేదు. అందుకని ఆ ఏజెంట్లు ఫోన్లు చేసి "నాకెంతిస్తారు?" అంటారు. ఫోన్లో అంకె చెప్పకండి. "మీ ఆఫర్‌లోనే రాసి పంపండి" అనండి. 5 లక్షల ఆఫర్‌లో రెండున్నర శాతం అడిగితే మీకు వచ్చేది 4,87,500. ఏమీ అడగని 4,90,000 ఆఫర్ దానికంటే మేలు. ప్రీ అప్రూవల్ లెటర్ (కాగితాలు చూసి లోన్ ఇస్తామని బ్యాంకు ఇచ్చే ఉత్తరం) లేని ఆఫర్‌ని మాత్రం లెక్కలోకే తీసుకోకండి. ప్రీ క్వాలిఫికేషన్ అంటే కొనేవాళ్ళు నోటితో చెప్పిన జీతం మీద కట్టిన అంచనా, చాలాసార్లు అంతకుమించి ఏమీ ఉండదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో "తెలుగువాళ్ళకే", "హిందూ కుటుంబాలకే" అని ఇంటి ప్రకటనలు పెడుతున్నారు. దయచేసి ఆపండి! ఏజెంట్ లేకుండా అమ్మే ఓనర్లకి 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి, కానీ ప్రకటనలకి మినహాయింపు లేదు. ఒక్క స్క్రీన్‌షాట్ చాలు కేసు పెట్టడానికి.

కాగితాల పని అందరూ భయపడేంత లేదు. టెక్సస్‌లో కాంట్రాక్ట్ ఫారాలు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన రియల్ ఎస్టేట్ కమిషన్ సైట్‌లోనే ఉన్నాయి. టైటిల్ కంపెనీని (యాజమాన్య హక్కులు సరిచూసి క్లోజింగ్ జరిపించేవాళ్ళు) మీరే పిలవచ్చు, ఎర్నెస్ట్ మనీ (బయానా) చెక్కు వాళ్ళకే వెళ్ళాలి, మీ అకౌంట్‌కి కాదు. స్థలం పాత సర్వే దాచుకుని ఉంటే, ఆ తర్వాత మార్పులేవో చెప్పే టీ-47 అఫిడవిట్‌తో ఇవ్వండి, టైటిల్ కంపెనీ ఒప్పుకుంటే కొత్త సర్వే ఖర్చు తప్పుతుంది. జార్జియాలో క్లోజింగ్ అటార్నీ (లాయర్) చేతే జరగాలి. ఆయన సాధారణంగా లోన్ ఇచ్చే బ్యాంకు తరఫు మనిషి, కాబట్టి కాంట్రాక్ట్ చదవడానికి మీ తరఫున ఇంకొకరిని గంటల లెక్కన పెట్టుకోండి. డిస్‌క్లోజర్‌లో (ఇంటి లోపాలు రాసిచ్చే కాగితం) తెలిసిన లీకేజీ ఏదీ దాచొద్దు, క్లోజింగ్ అయ్యాక వచ్చే దావాల్లో చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

ఇండియాకి తిరిగి వెళ్ళిపోయి, అక్కడి నుంచి అమ్మేవాళ్ళు ఇది రాసుకోండి. అప్పటికి పన్ను లెక్కల్లో మీరు నాన్ రెసిడెంట్ అయితే ఫిర్‌ప్టా (విదేశీయులు అమ్మే అమెరికా ఆస్తుల మీద పన్ను చట్టం) కింద 15 శాతం పన్ను కోసం పట్టుకుంటారు, లాభం మీద కాదు, మొత్తం అమ్మకం ధర మీద! కొనేవాళ్ళు అందులో కాపురం ఉంటే 10 లక్షల డాలర్ల దాకా 10 శాతం, 3 లక్షల లోపు అయితే ఏమీ లేదు. అసలు పన్ను అంతకంటే తక్కువే పడేలా ఉంటే క్లోజింగ్ రోజు దాటకుండా తక్కువ పట్టుకోమని అడిగే ఫారం 8288-బి వేయండి. పట్టుకున్న డబ్బు ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) తేల్చేదాకా ఎస్క్రోలోనే, అంటే మధ్యవర్తి దగ్గరే ఆగుతుంది.