జూన్‌లో ఎవరూ రారేం?

అందరికీ నమస్కారం.

మన నెల్లూరులో సేవ చేసేవాళ్లకు కొదవ లేదు. ఎండాకాలం వస్తే సెంటరుకో చలివేంద్రం, పుట్టినరోజుకి అన్నదానం, డిసెంబరులో దుప్పట్లు. ఆ దుప్పట్ల దగ్గరే నాకో అనుమానం. ఇక్కడ చలి ఎంతుంటుందో మీకు తెలియంది కాదు. మనకు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలతోనే. 2021 నవంబరులో పెన్న పొర్లి ఏటి ఒడ్డు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు చొరబడ్డ ఇంట్లో మొదట పోయేవి బియ్యం, బడి పుస్తకాలు, ఆధార్ కాగితాలు. ఓ టార్పాలిన్ పట్ట, కాగితాలు దాచుకోను ఓ మందపాటి ప్లాస్టిక్ సంచీ సెప్టెంబరులోనే అందితే ఆ ఇల్లు కాస్త తేరుకుంటుంది.

ఓ పేటలో ఒకావిడ మొహమాటం లేకుండా అడిగేసింది: "అన్నా, దుప్పట్లు మూడుండాయి. జూన్‌లో ఎవురూ రారేం?"

జూన్ అంటే బడులు తెరిచే నెల. ఫీజు, బూట్లు, నోటుపుస్తకాలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. చేతిలో లేనివాళ్లు పది రూపాయల వడ్డీకి పోతారు. ఐదు వేలు తెస్తే నెలకు ఐదొందలు వడ్డీకే సరి. ఏడాదిలో ఆరు వేలు కట్టినా అసలు అట్టాగే ఉంటుంది. అదే ఐదు వేలు మనం వడ్డీ లేకుండా ఇస్తే, అవే ఐదొందల చొప్పున పది నెలల్లో అప్పు తీరిపోతుంది. మనలో ఇరవై మంది తలా ఐదు వేలు వేసుకుంటే లక్ష. ఈ జూన్‌లో ఇరవై ఇళ్లు, వచ్చే జూన్‌కి అదే డబ్బుతో ఇంకో ఇరవై ఇళ్లు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగలో జరిగేది ఇదే కదా! కోరిక తీరినవాళ్లు మరుసటేడు రొట్టె తెచ్చి ఇంకొకరి చేతిలో పెడతారు. కొందరు కట్టలేకపోతారు, నిజమే. దానం అనుకునే ఇచ్చాం కాబట్టి అంతవరకు దానం కిందే రాసుకుందాం.

ఎవరికివ్వాలో తేల్చే పని మాత్రం మనది కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక, ఈ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో పేటల్లోని పొదుపు సంఘాల ఆడవాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. వాళ్లనే అడుగుదాం.

డబ్బు ఇవ్వలేనివాళ్లు ఒక పూట ఇవ్వండి. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు పడి పింఛను ఆగిపోయిన ముసలమ్మకు, వార్డు సచివాలయం దాకా తోడొచ్చే మనిషి కావాలి. ప్రైవేటు బళ్లలో పేదపిల్లలకు 25 శాతం ఉచిత సీట్లు ఇవ్వాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. దరఖాస్తు గడువు దాటిపోయాక ఆ మాట తెలిసి ఏం లాభం? అన్న క్యాంటీన్లో ఐదు రూపాయలకు భోజనం దొరికే చోట మనం ఇంకో పందిరి వేసే కంటే, అక్కడిదాకా నడవలేని వాళ్ల ఇంటికి క్యారియర్ చేర్చడం మేలు.

ఫోటోలంటారా, ఫ్లెక్సీలో మన మొహాలే వేసుకుందాం, ఎటూ సరదాపడతాం. తీసుకునే పిల్లాడి మొహం మాత్రం వద్దు. రేపు బడిలో తోటిపిల్లలు చూస్తారు.

మొదటి విడతకు ఏ పేట తీసుకుందామో ఇప్పుడు మీరు చెప్పండి.