థెరపిస్ట్ నాకు సారీ చెప్పింది! | వైజాగ్ ట్రిప్ వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ప్రస్తుతం ఆర్కే బీచ్‌లో ఉన్నాను. వెనకాల కనిపిస్తున్నది కురుసుర సబ్‌మెరైన్, పక్కన మొహం తిప్పుకున్నది మా అమ్మ. కెమెరా అంటే ఆవిడకు పడదు.

ఈ వీడియో మా పిన్ని కోసం. "డల్లాస్‌లో వారం వారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నావంట, ఏమైందే?" అని మొన్న పెళ్లిలో భోజనాల దగ్గర అందరి ముందూ అడిగేసింది. ఒక్కొక్కరికీ చెప్పుకునే కంటే ఇది పెట్టేస్తే ఒక పని అయిపోతుంది.

డాక్టర్ కాదు పిన్నీ, థెరపిస్ట్. మందులివ్వదు. 50 నిమిషాలు కూర్చుని మాట్లాడుకోవడమే. ఒక్కసారికి 160 డాలర్లు, అంటే మన డబ్బుల్లో దగ్గర దగ్గర 14 వేలు. ఇది విని అమ్మ, "ఏటే, మాటలాడ్డానికి డబ్బులేటి? నాకు ఫోన్ చెయ్యొచ్చు గదా" అంది. చేస్తూనే ఉన్నానమ్మా రోజూ. బాగున్నాను, తిన్నాను, పడుకుంటాను. మూడు మాటల్లో అయిపోతుంది మన ఫోను.

ఏమైందే అంటే, మొదలు హుద్‌హుద్ తుఫాను దగ్గర. వైజాగ్ వాళ్లకి దాని గురించి నేను చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల గాలి. మధ్యలో ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది, గుర్తుందా? అది తుఫాను కన్ను. అయిపోయిందనుకుని నాన్న గుమ్మం తీశారు. కాసేపటికి గాలి రెండోవైపు నుంచి కొట్టింది.

డల్లాస్‌లో నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం 12కి టోర్నడో సైరన్లు టెస్ట్ చేస్తారు. ఊరంతా మోగుతున్నా ఒక్కరూ తలెత్తరు, సాండ్‌విచ్ తింటూనే ఉంటారు. నాకు సైరన్ పర్వాలేదు. అది ఆగాక వచ్చే నిశ్శబ్దంలో చేతులు చల్లబడిపోయేవి. ఆఫీసులో బాత్రూంలోకి వెళ్లి కూర్చునేదాన్ని.

మా థెరపిస్ట్‌ది రిలేషనల్ పద్ధతి. ఎప్పుడో జరిగింది తవ్వుకోవడం ఒక్కటే కాదు, ఇప్పుడు ఆ గదిలో మా ఇద్దరి మధ్య ఏం నడుస్తోందో కూడా చూస్తారు. ట్రామా, అంటే మనసుకి తగిలిన పెద్ద దెబ్బ, దాన్నుంచి ఒంటరిగా కోలుకోలేమని, ఇంకో మనిషితో ఉన్న బంధంలోనే అది కుదురుతుందని జూడిత్ హెర్మన్ అనే సైకియాట్రిస్ట్ 1992లోనే రాశారు. నాకైతే మొదట్లో ఏమీ ఎక్కలేదు. వెళ్లగానే "మీరు తిన్నారా?" అని ఆమెనే అడిగేదాన్ని. మన అలవాటు!

ఒకరోజు నేనేదో చెప్పాక ఆమె చాలాసేపు మాట్లాడకుండా ఉంది. నాకు గుండె దడ. నవ్వేసి, టాపిక్ మార్చి బయటపడ్డాను. తర్వాతి వారం ఆమే మొదలుపెట్టింది. "పోయినసారి నా మౌనం నిన్ను భయపెట్టినట్టుంది. గమనించలేకపోయాను, సారీ. ఆ టైంలో నీకేమైంది?" అని. పెద్దవాళ్లు మనకి సారీ చెప్పడం ఎప్పుడైనా చూశారా? మా ఇంట్లో కోపం పోతే ఉప్మా చేస్తారు, అంతే. ఆ రోజు మొదటిసారి ఆ గుమ్మం సంగతి ఇంకో మనిషికి చెప్పాను.

ఒక్క నిమిషం, మిక్చర్ బండి వచ్చింది. మూరీ మిక్చర్ ముప్ఫై రూపాయలు, ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమన్నా. అక్కడ ముప్ఫై రూపాయలకి చెంచా కూడా రాదు.

ఆఁ, ఇక్కడున్న ఈ నాలుగు వారాలూ ఫోన్లో కూడా సెషన్ లేదు. ఆమెది టెక్సస్ లైసెన్స్, మనం ఎక్కడ కూర్చుని మాట్లాడితే అక్కడి లైసెన్స్ ఉండాలట. ఇక్కడి వాళ్లకి అవసరమైతే టెలీ మానస్ ఉంది, మనసు బాగోనప్పుడు మాట్లాడ్డానికి గవర్నమెంటు వాళ్ల ఫోన్ లైన్, 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇదంతా చెబుతుంటే అమ్మ సముద్రం వైపు చూస్తూ, "ఆయేళ నీ సెయ్యొగ్గేసి తలుపు పట్టుకున్నాను గదే" అంది. పదకొండేళ్లుగా ఆ మాట మా ఇంట్లో రాలేదు. ఏమనాలో తెలియలేదు నాకు. ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. నా చేతులు చల్లబడలేదు.

"ఆపీవే అది, మిక్చర్ మెత్తబడిపోతంది."

ఆపేస్తున్నానండీ.