నూరేళ్లు ఏ రోజు నుంచి లెక్క? చీరాలపై చెన్నై స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: శతాబ్ది ఉత్సవం జరుపుకోవాలనుకున్న చిన్న ఊరికి ముందుగా ఒక తేదీ కావాలి. సాధారణంగా పురపాలక సంఘం ఏర్పడిన రోజునే పుట్టినరోజుగా తీసుకుంటారు. అయితే 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా ప్రకటించినప్పుడు అక్కడి ప్రజలు అది మాకొద్దని ఎదురుతిరిగారు. అలాంటి ఊరు దేనికి ఉత్సవం చేసుకోవాలి?

చరిత్ర అధ్యాపకురాలు: 1921కే చేసుకోవాలని నా అభిప్రాయం. ఏటా సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను పురపాలక సంఘం వచ్చాక దాదాపు 40,000కు పెరిగింది. నేతపనివారు, చిన్నరైతులు ఎక్కువగా ఉన్న ఊరు అంత భారం మోయలేనని అర్జీలు పెట్టుకున్నా ప్రభుత్వం వినలేదు. 1921 ఏప్రిల్‌లో చీరాలకు వచ్చిన గాంధీజీ, పన్ను కట్టకుండా నిలబడటం లేదా ఊరు విడిచిపోవడం అనే రెండు దారులు చూపారు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం రెండో దారినే ఎంచుకున్నారు. సుమారు 15,000 మంది ఉన్న ఊరిలో అత్యధికులు పొలిమేర దాటి, పాకలు వేసుకుని, ఆ చోటికి రామనగరమని పేరు పెట్టుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు.

చేనేత వస్త్ర వ్యాపారి: పదకొండు నెలలని చదివి ముందుకు వెళ్లిపోతాం గానీ, నేతగాడికి అదెంత కష్టమో ఒక్క క్షణం ఆగి చూడాలండీ. మాది గుంట మగ్గం. చట్రాన్ని విప్పి బండి మీద వేసుకోవచ్చు, గుంటను మోసుకుపోలేం కదా! కొత్త చోట నేల తవ్వి, కాళ్లు ఆడేటంత లోతు చేసి, అంచులు కూలకుండా గట్టిపరచి, మగ్గాన్ని మళ్లీ సరిచూసుకోవాలి. మా తీరప్రాంతపు ఇసుక నేలలో అంచులు నిలవడమే కష్టం. పైన తాటాకు కప్పు కారిందంటే గంజి పెట్టిన పడుగు తడిసి, పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. నేసిన గుడ్డ లేనిదే కూలి లేదు. ఎండ, వాన, చలి మూడు కాలాలూ అక్కడే గడిపారంటే ఆ పట్టుదలను ఏమనాలి?

విశ్రాంత ఇంజినీరు: మాదీ చీరాలే కాబట్టి చెబుతున్నాను, నిష్ఠూరంగా తీసుకోవద్దు. అంత జనాభా ఉన్న ఊరికి మురుగుకాలువలు, మంచినీళ్లు, వీధి దీపాలు అవసరమే. వాటికి డబ్బు ఎక్కడినుంచో రావాలి. ఆనాటి ప్రభుత్వ వాదనను దుర్మార్గమని ఒక్కమాటలో కొట్టిపారేస్తే ఉత్సవం భజనగా మిగిలిపోతుంది.

చరిత్ర అధ్యాపకురాలు: సౌకర్యాలు అక్కర్లేదని కాదు, తమను అడక్కుండా, తాహతు చూడకుండా పన్ను వేశారన్నదే వారి ఫిర్యాదు. పైగా ఇందులో మనకు ఇబ్బంది కలిగించే విషయం మరొకటి ఉంది. అప్పుడు స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రి పానగల్ రాజా రామరాయనింగారు, తెలుగువారే. కాబట్టి దీన్ని కేవలం తెల్లదొరల మీద పోరాటంగా చెప్పుకోవడం కుదరదు.

చేనేత వస్త్ర వ్యాపారి: ఇక్కడ చెన్నైలో ఆయన పేరిట ఉన్న పానగల్ పార్కు చుట్టుపక్కల దుకాణాలకే కదండీ మనం చీరలకు వెళ్లేది! (నవ్వులు)

వ్యాఖ్యాత: 2021లో నూరేళ్లు నిండినప్పుడు కొవిడ్ రెండో విడత దేశాన్ని కుదిపేస్తోంది. ఇప్పుడు ఆలస్యంగానైనా ఉత్సవం చేస్తే చెన్నైలోని చీరాలవాసులు ఏం చేయగలరు?

విశ్రాంత ఇంజినీరు: విరాళం అనగానే స్వాగత ద్వారం, శిలాఫలకం, దాని మీద దాతల పేర్లు. నా మటుకు నేను ఆ ద్వారానికి ఒక్క రూపాయి కూడా ఇవ్వను.

చరిత్ర అధ్యాపకురాలు: ఇక్కడివాళ్లకు ద్వారం కంటే దగ్గరి పని ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ దస్త్రాలు ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ పత్రాలయంలో ఉన్నాయి. స్థానిక స్వపరిపాలన శాఖ ఉత్తర్వుల్లో చీరాలకు సంబంధించినవాటిని వెతికి, నకళ్లు తీయించి, తెలుగులో సారాంశం రాసి ఊరి గ్రంథాలయానికి పంపవచ్చు. గోపాలకృష్ణయ్య ఏర్పరచిన స్వచ్ఛంద సేవాదళం రామదండులో పనిచేసిన సేవకుల కుటుంబాల దగ్గర ఉత్తరాలో ఫొటోలో ఉంటే వాటినీ ఆ పక్కనే చేర్చాలి. ప్రభుత్వ కాగితం ఒక వైపే చెబుతుంది మరి.

విశ్రాంత ఇంజినీరు: ఆ పనికైతే నేను వస్తాను. ఇంగ్లీషు చేతిరాత దస్త్రాలు చదవడం నాకు ఉద్యోగంలోనే అలవాటైంది. అయితే పన్ను వసూలు లెక్కలతో పాటు, ఆ డబ్బు దేనికి ఖర్చు చేయాలనుకున్నారో ఆ అంచనాలూ వెతకాలి, అవి నా వాదనకు బలం చేకూర్చినా, మీ వాదనకు చేకూర్చినా సరే.